కొత్త ఎత్తుల నడుమ పాత ఆకాశహర్మ్యాలను ఎక్కడ నిలబడి చూడాలి?

పెద్దచెరువు_గట్టు
పదకొండేళ్ల తర్వాత ఈ దసరాకు విజయనగరం వచ్చాను. కోట వైపు నుంచి నడుచుకుంటూ వస్తుంటే, చిన్నప్పుడు ఎంతో దూరం నుంచి కనిపించే గంటస్తంభం కోసం ఈసారి తల తిప్పి తిప్పి వెతుక్కోవలసి వచ్చింది. నాలుగైదు అంతస్తుల దుకాణాలు, వాటి నెత్తిన హోర్డింగులు, అడ్డదిడ్డంగా తీగలు దాటుకుని దాదాపు దాని కిందికి చేరాకే ఆ ఎనిమిది పలకల ఇసుకరాతి స్తంభం నాకు దొరికింది.

ఇదే బాధ నేను న్యూయార్క్‌లోనూ పడ్డాను. నా ఉద్యోగం అక్కడే. క్రైస్లర్ భవనం 1930లో పూర్తయింది, దాని ఎత్తు 1,046 అడుగులు. మరో భవనాన్ని మించాలనే పంతంతో 185 అడుగుల ఉక్కు శిఖరాన్ని భవనం లోపలే గుట్టుగా జోడించి, 1929 అక్టోబరు 23న గంటన్నర వ్యవధిలో పైకెత్తి నిలబెట్టారు. పదకొండు నెలల పాటు ప్రపంచంలో అంతకంటే ఎత్తైన భవనం లేదు, ఆ తర్వాత ఎంపైర్ స్టేట్ వచ్చింది. తొంభై ఏళ్ల తర్వాత, 2020లో, అదే వీధిలో 1,401 అడుగుల వన్ వాండర్‌బిల్ట్ లేచింది. ఇప్పుడు పడమటి వైపు నుంచి చూస్తే చాలా చోట్ల క్రైస్లర్ దాని చాటున ఉండిపోతుంది. మా కార్యాలయంలో కొత్తగా చేరిన ఒక అబ్బాయి కిటికీలోంచి చూసి, "ఇంత పేరున్న భవనం ఇంత చిన్నదా?" అని అడిగినప్పుడు నాకు నిజంగా కష్టం కలిగింది.

ఒకప్పుడు ఎత్తు కోసమే కట్టినదాన్ని, ఆ ఎత్తు పోయిన తర్వాత మనం దేని కోసం ప్రేమించాలి? ఈ ప్రశ్నకు జవాబు నాకు పూర్తిగా తెలియదు. మీరు మనసుపెట్టి చూసిన పాత ఎత్తైన భవనం ఏదైనా ఉంటే, దాన్ని ఎక్కడి నుంచి, ఎలా చూశారో చెప్పండి.

బొంకులదిబ్బ_కుర్రాడు
గంటస్తంభం మీద నాకూ అభిమానం ఉంది. కానీ 68 అడుగుల స్తంభాన్ని వెయ్యి అడుగుల భవనం పక్కన పెట్టి మాట్లాడితే రెంటికీ న్యాయం జరగదు. మనది గడియారం కోసం కట్టిన స్తంభం, అది మనుషులు పనిచేసే భవనం.

నాగావళి_ఒడ్డు
బొంకులదిబ్బ గారు చెప్పిన తేడా సరైనదే, అయినా ఒక సంగతి చూడండి. మన గంటస్తంభం కట్టినది 1885లో. ఆకాశహర్మ్యాలకు మొదటిదిగా చాలామంది లెక్కవేసే షికాగోలోని హోమ్ ఇన్సూరెన్స్ భవనం పూర్తయినదీ అదే సంవత్సరంలో. పది అంతస్తులు, 138 అడుగులు, అంటే మన స్తంభానికి దాదాపు రెండింతలు. ఈ రోజు షికాగోలో ఎవరైనా 138 అడుగుల భవనాన్ని తలెత్తి చూస్తారా? అప్పుడు మాత్రం బరువంతా గోడలు మోసే పద్ధతి నుంచి ఇనుప, ఉక్కు చట్రం మోసే పద్ధతికి లోకం మారినది అక్కడే. దాన్ని 1931లో కూల్చేశారు. ఇప్పుడు మనకు ఫొటోలు మాత్రమే ఉన్నాయి, మన గంటస్తంభం మాత్రం ఉంది.

అదే షికాగోలో 1891 నాటి మొనాడ్నాక్ భవనం ఇంకా నిలిచి ఉంది. అప్పుడు కట్టిన దాని ఉత్తర సగంలో ఉక్కు చట్రం లేదు, 16 అంతస్తులనూ ఇటుక గోడలే మోస్తాయి, అందుకని అడుగున గోడ మందం ఆరు అడుగులు. మన కోట గోడ పక్కన పెరిగినవారికి ఆ మందం వెంటనే అర్థమవుతుంది. నేను అక్కడికి వెళ్లినప్పుడు పైకి చూడడం మరిచిపోయి, కింద కిటికీ గూటి లోతులో చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాను. పెద్దచెరువు గారి ప్రశ్నకు నా జవాబు అదే: పాతదాన్ని పాదాల దగ్గర నుంచి చూడడం మొదలుపెట్టాలి.

మేస్త్రి_కొడుకు
మాది టెక్కలి దగ్గర పల్లెటూరు. మా నాన్న ముప్పై ఏళ్లు మద్రాసులో కడ్డీ కట్టే పని చేశాడు. పాదాల దగ్గర నుంచి చూడాలన్న నాగావళి గారి మాట ఆయనకు నచ్చుతుంది, ఎందుకంటే ఆయన ఏ భవనాన్ని చూసినా ముందు స్తంభాల మొదళ్లే చూస్తాడు.

మౌంట్ రోడ్డు మీది ఎల్ఐసీ భవనం ఆయనకు గుడితో సమానం. 1959లో ప్రారంభమైన ఆ భవనం ఎత్తు 177 అడుగులు, ఆ కాలంలో దేశంలో అంతకంటే ఎత్తైనది లేదు. మా ఊరి నుంచి కొత్తగా పనికి వచ్చిన ప్రతి కుర్రవాణ్ణీ మొదటి ఆదివారం అక్కడికి తీసుకెళ్లి, "సున్నం, ఇటుకలతో ఇళ్లు కట్టుకునే కాలంలో కాంక్రీటు స్తంభాల మీద ఇంత ఎత్తు నిలబెట్టారు, చూసుకోండి" అని చెప్పేవాడట. కట్టినవారి పేర్లు ఆయనకు తెలియవు. కానీ అంత ఎత్తుకు కాంక్రీటు మోసిన చేతులు ఎన్నో ఉంటాయని మాత్రం ప్రతిసారీ అనేవాడు.

చెన్నపట్నం_కోడలు
నాయనా, మీ నాన్నగారి మాట చదివి నా కళ్లు చెమర్చాయి. నేను విజయనగరం ఆడపిల్లను, 1971లో పెళ్లయి మద్రాసు వెళ్లాను. పుట్టింటి మీద బెంగ పెట్టుకున్న రోజుల్లో మా వారు నన్ను బస్సులో మౌంట్ రోడ్డుకు తీసుకెళ్లి ఆ భవనాన్ని చూపించారు. ఆ రోజుల్లో అది దూరం నుంచి కనిపించగానే దిగవలసిన చోటు వస్తోందని తెలిసేది. భాష రాని ఊళ్లో నాకు దారి చెప్పింది అదే.

1975 జూలై 11న దానికి నిప్పంటుకుంది. తర్వాత మేము చూడడానికి వెళ్తే నల్లబడిన కిటికీలు కనిపించాయి. ఇక పడగొట్టేస్తారని అందరూ అన్నారు. పడగొట్టలేదు, బాగుచేసి మళ్లీ వాడుకున్నారు. ఇప్పుడు దాని ముందున్న రోడ్డు కింద నుంచి మెట్రో రైలు పోతోంది, ఆ స్టేషనుకు కూడా ఎల్ఐసీ అనే పేరు పెట్టారు. చుట్టూ ఎన్ని లేచినా ఊరివాళ్ల నోట్లో ఆ పేరు పోలేదు. ఎత్తు పోయాక ఏం మిగులుతుందని అడిగారు కదా, పెద్దచెరువు గారూ, నా వరకైతే మిగిలినది ఇదే.

కడ్డీ_కాంక్రీటు
నేను విశాఖపట్నంలో నిర్మాణ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. అందరి జ్ఞాపకాలనూ గౌరవిస్తూనే ఎదురుమాట చెప్పక తప్పడం లేదు. పాత భవనం నిలిచి ఉండడానికి అభిమానం చాలదు. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఉప్పు కాంక్రీటులోకి దిగి లోపలి కడ్డీ తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బినప్పుడు పైపొర పెచ్చులుగా రాలుతుంది. మెట్ల దారులు ఇరుకుగా ఉంటాయి, మంటలు ఆర్పే నీటి గొట్టాలకు చోటు ఉండదు, పైకప్పు ఎత్తు చాలక ఏసీ గొట్టాలు పట్టవు.

న్యూయార్క్ ఉదాహరణే తీసుకుందాం. 1908లో పూర్తయిన సింగర్ భవనం 612 అడుగులతో ప్రపంచంలోనే ఎత్తైనదిగా నిలిచింది. కానీ దాని గోపుర భాగం ఒక్కో వైపు 65 అడుగులే. అంత చిన్న అంతస్తులో పెద్ద సంస్థలు పనిచేసుకోలేవు. అందువల్ల 1960ల చివర దాన్ని కూల్చి, ఆ చోట విశాలమైన అంతస్తుల భవనం కట్టారు. యజమాని నిర్ణయాన్ని తప్పుపట్టడం సులభమే, కానీ ఖాళీ అంతస్తులకు కరెంటు, కాపలా ఖర్చు ఎవరు భరించాలి?

బొంకులదిబ్బ_కుర్రాడు
ఇంజనీరు గారితో నేను ఏకీభవిస్తున్నాను. వాడుకలో లేని అందం ఎంతకాలం నిలుస్తుంది?

పెద్దచెరువు_గట్టు
ఖర్చు సంగతి కాదనలేను. కానీ పాతది కాబట్టి వాడుకకు పనికిరాదన్న నిర్ణయానికి మనం చాలా తొందరగా వస్తున్నామని నాకు అనిపిస్తుంది. ఎంపైర్ స్టేట్ భవనంలో కొన్నేళ్ల క్రితం చేసిన పని చూడండి. అక్కడి 6,514 కిటికీలనూ పారేయకుండా ఊడదీసి, అదే భవనంలోని ఒక అంతస్తులో కార్ఖానా ఏర్పాటు చేసుకుని, ఆ అద్దాలనే శుభ్రపరచి, మధ్యలో వేడిని ఆపే పలుచని పొర చేర్చి తిరిగి బిగించారు. దానితో పాటు దీపాలు, చల్లబరిచే యంత్రాలు కూడా మార్చడం వల్ల ఇంధన ఖర్చు మూడోవంతుకు పైగా తగ్గింది. 410 రోజుల్లో కట్టిన 1931 నాటి భవనం అది.

అదే నగరంలో పార్క్ ఎవెన్యూ మీద 270వ నంబరు భవనం కథ ఇందుకు విరుద్ధం. 1960లో పూర్తయిన 707 అడుగుల ఆ భవనం నమూనాలో నటాలీ డి బ్లోయిస్ అనే మహిళా వాస్తుశిల్పి పాత్ర పెద్దది. పర్యావరణ ప్రమాణాలకు తగినట్టు దాన్ని పూర్తిగా నవీకరించి పదేళ్లయినా కాకముందే, 2019లో కూల్చడం మొదలుపెట్టారు. ఇప్పుడు అక్కడ 1,388 అడుగుల కొత్తది ఉంది. కొత్తది గొప్ప భవనమే, నేను కాదనను. కానీ ఆ పాత ఉక్కు కరిగించడానికి పట్టిన బొగ్గు, దాన్ని నిలబెట్టిన శ్రమ ఏ లెక్కలోకి వచ్చాయి?

కళింగపట్నం_కెరటం
2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను విశాఖలో ఉన్నాను. అద్దాలతో కప్పిన కొత్త భవనాల ముఖాలు పగిలి రోడ్డు మీద గుట్టలు పడడం కళ్లారా చూశాను. కొత్తదైతే చాలు, భద్రమేనన్న నమ్మకం నాకు ఆ రోజే పోయింది.

మేస్త్రి_కొడుకు
కెరటం గారి మాటకు తోడుగా మరొకటి చెప్పాలి, చెప్పడం కష్టంగా ఉన్నా సరే. 2014 జూన్ 28న చెన్నై దగ్గర మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం ఒక్కసారిగా కూలి 61 మంది చనిపోయారు. వారిలో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పొట్ట చేతపట్టుకుని వెళ్లినవారు చాలామంది ఉన్నారు. ఆ వారమంతా మా ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదు. "ఎత్తు ఎవరైనా లేపగలరు, కడ్డీకీ అంచుకీ మధ్య వదలవలసిన దూరం వదిలినవాడే కట్టినవాడు" అని మా నాన్న అప్పుడన్న మాట నేను మరిచిపోలేదు. ఎల్ఐసీ భవనం నిప్పును కూడా తట్టుకుని నిలిచిందంటే లోపల పని శ్రద్ధగా జరిగిందని ఆయన నమ్మకం. పాత భవనాన్ని నేను చూసేది ఆ శ్రద్ధ కోసమే.

కడ్డీ_కాంక్రీటు
మేస్త్రి_కొడుకు గారూ, మీ నాన్నగారు చెప్పినది మా పాఠ్యపుస్తకాల్లో మొదటి పాఠం. నా మాటను కొంచెం సవరించుకుంటున్నాను. నాసిరకం పనికి పాత, కొత్త తేడా లేదు, పరీక్షించి బలపరచగలిగిన పాత భవనాన్ని కూల్చడం వ్యర్థమే. అయినా పెద్దచెరువు గారి మొదటి బాధ భద్రత గురించి కాదు కదా, కనిపించకపోవడం గురించి. కనిపించకుండా అడ్డు వచ్చిన స్థలం కూడా ఒకరి సొంత ఆస్తే. అతన్ని కట్టుకోవద్దని అనడానికి మనకున్న హక్కు ఏమిటి?

అరసవల్లి_ఉదయం
ఈ ప్రశ్న కోసమే ఇంతసేపు చదువుతున్నాను. మా ఊరి సూర్యనారాయణ స్వామి గుడిలో ఏటా మార్చిలో, అక్టోబరులో కొద్ది రోజులు తెల్లవారిన కిరణాలు తిన్నగా లోపలికి వచ్చి స్వామి పాదాలను తాకుతాయి. ఆ ఉదయాలలో శ్రీకాకుళం జిల్లా అంతా అక్కడే ఉంటుంది. కిరణాలు పడాలంటే గుడి నిలిచి ఉండడం ఒక్కటే సరిపోదు. తూర్పున ఆ కిరణం నడిచి వచ్చే దారి కూడా తెరిపిగా ఉండాలి. గుడిని ఎంత భద్రంగా కాపాడినా, ఎదురుగా ఎవరైనా పెద్ద మేడ లేపితే ఆ ఉదయం పోతుంది. అది ఎవరి సొంత స్థలమైనా సరే, ఆ దారి మాత్రం అందరిదీ అని మా ఊళ్లో పసివాణ్ణి అడిగినా చెబుతాడు. భవనాలకు కూడా అలాంటి చూపుదారి ఉంటుంది కదా?

నాగావళి_ఒడ్డు
అరసవల్లి గారు చెప్పినదాన్ని లండన్ నగరం నియమంగా పెట్టుకుంది. 1930లలో సెయింట్ పాల్స్ చర్చి దగ్గర ఎత్తైన భవనాలు లేచి, థేమ్స్ నది వైపు నుంచి దాని గుమ్మటాన్ని కప్పేయడం మొదలైంది. అప్పుడు, 1938 నుంచి, ఆ చుట్టుపక్కల ఏ చోట ఎంత ఎత్తు వరకు కట్టవచ్చో గళ్లు గీసి నిర్ణయించారు. ఆ హద్దులు ఇప్పటికీ అమలులో ఉన్నాయి. అక్కడ లెడెన్‌హాల్ వీధిలో 2014లో పూర్తయిన 225 మీటర్ల భవనం ఒక వైపు ఏటవాలుగా వెనక్కి వాలి ఉంటుంది. ఫ్లీట్ వీధి నుంచి చూసేవారికి సెయింట్ పాల్స్ గుమ్మటం వెనుక ఆకాశం ఖాళీగా కనిపించాలనే దాన్ని అలా వాల్చారు. కొత్తది పాతదానికి చోటిచ్చి పక్కకు ఒరిగిందన్నమాట. దానివల్ల కొత్తదానికీ ఒక రూపం వచ్చింది.

న్యూయార్క్‌లో అలా జరగలేదు. మాడిసన్ స్క్వేర్ పార్కులో నిలబడి ఎంపైర్ స్టేట్‌ను చూడడం తరతరాల అలవాటు. ఇప్పుడు ఫిఫ్త్ ఎవెన్యూ 262వ నంబరులో లేచిన 860 అడుగుల సన్నని నివాస భవనం ఆ చూపుకు సరిగ్గా అడ్డం నిలబడింది. అందులో కాపురం ఉండేవి కొద్ది కుటుంబాలే.

కడ్డీ_కాంక్రీటు
నియమం పెట్టినప్పుడు యజమానికి నష్టపరిహారం ఉండాలి, నా పట్టుదల అంతవరకే. దానికీ న్యూయార్కే దారి చూపింది. గ్రాండ్ సెంట్రల్ రైల్వే స్టేషను నెత్తిన 55 అంతస్తుల భవనం కడతామని యజమానులు అడిగితే నగరం ఒప్పుకోలేదు, 1978లో అమెరికా సుప్రీంకోర్టు నగరం పక్షానే తీర్పు చెప్పింది. కట్టుకోకుండా వదులుకున్న ఎత్తును మాత్రం చుట్టుపక్కల స్థలాలకు అమ్ముకోవచ్చు. పెద్దచెరువు గారిని బాధపెట్టిన వన్ వాండర్‌బిల్ట్ అంత ఎత్తు లేవడానికి కారణాలు అలా పక్కనున్న పాత బోవరీ సేవింగ్స్ బ్యాంకు భవనం నుంచి కొనుక్కున్న ఎత్తు, గ్రాండ్ సెంట్రల్ స్టేషను దారులను బాగుచేసినందుకు నగరం ఇచ్చిన అదనపు ఎత్తు. ఒక పాతదాన్ని కాపాడిన ఏర్పాటే మరో పాతదాన్ని చాటు చేసింది. అందుకని ఎత్తును బదిలీ చేసేటప్పుడు అది ఎక్కడికి పోతుందో, ఎవరి చూపుకు అడ్డం వస్తుందో కూడా చూసుకోవాలి. మన రాష్ట్రంలో రోడ్డు వెడల్పు కోసం స్థలం వదులుకున్నవారికి టీడీఆర్ బాండ్లు, అంటే కట్టుకునే హక్కును మరోచోటికి బదిలీ చేసుకునే పత్రాలు, ఇస్తున్నారు. చూపుదారి కోసం ఎత్తు వదులుకున్నవారికి కూడా అలాంటివి ఇవ్వడం కష్టమేమీ కాదు.

పెద్దచెరువు_గట్టు
ఆ బదిలీ సంగతి నేను ఇంత స్పష్టంగా ఎప్పుడూ ఆలోచించలేదు. ఎనిమిదేళ్లుగా గ్రాండ్ సెంట్రల్‌లోనే రైలు దిగుతున్నాను, అది నిలిచి ఉన్నందుకు సంతోషిస్తూ, బయటికి వచ్చి క్రైస్లర్ కనిపించనందుకు బాధపడుతూ. రెండూ ఒకే ముడి అని ఇప్పుడు తెలిసింది.

ఎర్రచెరువు_తీరం
చూపుదారి మాట వచ్చింది కాబట్టి మన సిరిమానును కూడా తలుచుకోవాలి. పైడితల్లి అమ్మవారి జాతరలో ఊరేగించే ఈ పొడవాటి మాను దాదాపు 60 అడుగులు ఉంటుంది. గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరిగేటప్పుడు లక్షల జనంలో ఎక్కడ నిలబడినవారికైనా మాను చివర కూర్చున్న పూజారి గారు కనిపించేవారు. మా తాతగారి చిన్నతనంలో ఆ వీధుల్లో సిరిమానును మించిన ఎత్తు కోట, గంటస్తంభం తప్ప మరేదీ లేదట. ఇప్పుడు మేడల మీది జనానికి బాగానే కనిపిస్తుంది, కింద పక్క సందులో నిలబడిన ముసలివారికి మాత్రం కనిపించదు.

2020లో మూడు లాంతర్ల స్తంభాన్ని తొలగించినప్పుడు ఊరంతా ఎంత కలత చెందిందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది పెద్ద ఎత్తైనదేమీ కాదు. రాత్రివేళ ఊళ్లోకి వచ్చేవారికి వెలుగు చూపిన స్తంభం, అంతే. బొంకులదిబ్బ గారు మొదట అన్నట్టు అడుగులు కొలిచి పోల్చి ఉంటే మనకు ఆ బాధ కలిగి ఉండకూడదు.

బొంకులదిబ్బ_కుర్రాడు
ఎర్రచెరువు గారి మాట నాకు తగిలింది, ఒప్పుకుంటున్నాను. నిన్న తెల్లవారి ఐదున్నరకు, దుకాణాలు తెరవకముందు, గంటస్తంభం చుట్టూ నాలుగు వీధుల్లోనూ వెనక్కి నడిచి చూశాను. ఒక వీధిలో రెండు హోర్డింగులు దించితే చాలు, మరో వీధిలో తీగలు పక్కకు జరిపితే చాలు, స్తంభం మొదలు నుంచి కొస వరకు కనిపిస్తుంది. మేడలు అడ్డం వచ్చినవి రెండు వీధుల్లోనే. ఇన్నాళ్లూ అంతా పోయిందనుకున్నాం, సగం దారి ఇంకా మిగిలే ఉంది. ఎక్కడెక్కడ నిలబడితే కనిపిస్తుందో గుర్తులు పెట్టి ఒక పటం గీస్తున్నాను. హోర్డింగుల విషయమై పురపాలక సంఘానికి అర్జీ రాస్తే సంతకం పెట్టేవారు ఎవరు?

ఎర్రచెరువు_తీరం
నేను పెడతాను, మా వీధిలో మరో పది మందిచేత పెట్టిస్తాను.

కడ్డీ_కాంక్రీటు
అర్జీతో పాటు స్తంభం రాళ్ల అతుకులను కూడా ఒకసారి పరీక్షించమని రాయండి. ఇసుకరాయి మీద రంగు పూతలు వరుసగా వేసుకుంటూ పోతే లోపలి తడి బయటికి పోలేదు, రాయి పొరలుగా ఊడుతుంది. అతుకులకు సిమెంటు కాకుండా సున్నమే వాడాలి. సాంకేతిక భాగం నేను రాసి పంపుతాను, రుసుము ఏమీ అక్కర్లేదు.

చెన్నపట్నం_కోడలు
నా సంతకం కూడా చేర్చండి నాయనా. నేను పుట్టినది గంటస్తంభానికి నాలుగు ఇళ్ల అవతలే.

మేస్త్రి_కొడుకు
మా నాన్నకు ఈ చర్చంతా చదివి వినిపించాను. కళ్లు సరిగా కనిపించవు కాబట్టి అప్పుడప్పుడు ఆపి మళ్లీ చదవమన్నాడు. లండన్‌లో పక్కకు వాలిన భవనం దగ్గర రెండుసార్లు ఆపి, వాలిన వైపు బరువు ఎటు దిగుతుందని అడిగాడు, నేను చెప్పలేకపోయాను, ఇంజనీరు గారు చెప్పాలి. సంక్రాంతి తర్వాత చెన్నై తీసుకెళ్తానని మాటిచ్చాను. ఎల్ఐసీ భవనానికి ఎదురుగా, రోడ్డుకు అవతలి వైపు, చుట్టూ ఉన్నవి కనిపించకుండా అది ఒక్కటే కనిపించే చోటు ఒకటి ఉందట. కుర్రవాళ్లను ఎప్పుడూ అక్కడే నిలబెట్టేవాడినని చెప్పాడు, ఆ చోటు ఇప్పటికీ తెరిపిగానే ఉందో లేదో చూసివచ్చి రాస్తాను.